‘ఎవరైనా సరే’కి పైన ఒక వరుస

నాకు రాయడం రాదు. అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను, అడిగినచోట సంతకం పెడతాను, అంతే. అందుకని నోటితో చెబుతున్నాను. కంప్యూటర్ ప్రోగ్రాముల గురించి ఈవిడ చెప్పడమేమిటని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. నాకు తెలిసింది ఒక్క ముక్క. ఆ ముక్క వల్లే నేను అమెరికాలో సన్నీవేల్‌లో మా తమ్ముడి ఇంట్లో ఉండిపోయాను. లేకపోతే నన్ను ఎడిసన్ అనే ఇంకో ఊరికి పంపించేసేవాళ్ళు.

మా ఆయన పోయాక చాలా ఏళ్ళు మా బావగారింట్లో ఉన్నాను. పిల్లలు లేరు. ఆ ఇంట్లో నాకు తిండికి లోటు లేదు, మాటకే లోటు. బావగారు బయటికి బయల్దేరే ముందు గదిలోనే నిలబడి ఒకసారి దగ్గేవారు. ఆ దగ్గు నాకోసం. భర్త పోయిన ఆడది ఎదురొస్తే వెళ్ళిన పని చెడుతుందంటారు కదా, నేను వంటింటి తలుపు వెనక్కి తప్పుకోవాలి. ఆయన చెడ్డవాడని కాదు. తప్పుకోమని మొహం మీద చెప్పలేక దగ్గేవారు. నేనూ అలవాటు పడిపోయాను. కొన్నాళ్ళకి దగ్గు కూడా అక్కర్లేకుండా చెప్పుల చప్పుడు వింటూనే లేచి తప్పుకునేదాన్ని.

మా అమ్మ చిన్నప్పుడే పోతే మా తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది నేనే. వాడు అమెరికాలో చదివి, అక్కడే ఉద్యోగం చూసుకుని, ఆ దేశపు మనిషైపోయాక నాకోసం కాగితాలు పెట్టాడు. ఎనభైల్లో నేను వచ్చేసరికి వాడికి పెళ్ళయింది. మా మరదలు చదువుకున్నది, ఆస్పత్రి లాబ్‌లో రక్తం పరీక్షలు చేసే ఉద్యోగం. వాడిది ఒక కంప్యూటర్ చిప్పుల కంపెనీలో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. ఇద్దరికీ కలిపి ఒకటే కారు. ఇల్లు పై అంతస్తులో అపార్ట్‌మెంటు, బయట ఇనప మెట్లు, కింద కార్లు నిలిపే చోటు.

పొద్దున్న బయల్దేరేటప్పుడు మా తమ్ముడు కారు తాళాలు చేతిలో గలగలలాడించేవాడు. వాడికది ఉత్త అలవాటు. నాకది దగ్గు. ఆ గలగల వినపడగానే బాత్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకునేదాన్ని. నన్నెవరూ వెళ్ళమనలేదు. ఎవరో ఒకరు అనేదాకా ఎందుకుండాలి?

“వదినా, వెళ్ళొస్తాం” అనేది మరదలు తలుపు అవతల నిలబడి.

నేను పలికేదాన్ని కాదు. బయల్దేరే మనిషికి నా గొంతు కూడా ఎదురు కాకూడదని నా ఉద్దేశం. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగేది. తర్వాత వాకిలి పడేది, మెట్లు మోగేవి, కారు స్టార్టయ్యేది. అప్పుడు బయటికొచ్చేదాన్ని. అప్పటికే ఇల్లు ఖాళీ. ఇల్లు ఖాళీ అవుతుంటే నేను చూసింది లేదు. ఖాళీ అయిన ఇంట్లోకి రావడమే.

ఇక సాయంత్రం దాకా నేనూ, కింద పరిచిన తివాచీ. టీవీ పెడితే నవ్వులు వినపడేవి, ఎందుకు నవ్వుతున్నారో తెలిసేది కాదు. పోపు పెడితే గోడమీది పొగ గంట కుయ్యోమనేది, అద్దాల తలుపు తెరిచి, దానికింద నిలబడి తువ్వాలుతో విసిరేదాన్ని. పక్కింట్లో ఒక అమెరికా ముసలావిడ, ఆవిడా ఒక్కతే. కనిపిస్తే చెయ్యి ఊపేది, నేనూ ఊపేదాన్ని. అంతకు మించి మా దగ్గర మాటలేవీ లేవు.

మధ్యాహ్నం ఎప్పుడైనా తమ్ముడు ఆఫీసు నుంచి ఫోన్ చేసేవాడు.

“ఏంటక్కా, గొంతు అలా ఉంది? జలుబు చేసిందా?”

“జలుబు లేదు, ఏం లేదు. ఇవాళ ఇదే మొదటి మాట” అనేదాన్ని.

వాడు నవ్వేవాడు. నేను హాస్యానికి అనలేదు.

నేను వచ్చిన మొదటి ఏడాది మరదలికి నెల తప్పింది. ఒకనాడు నేను కింద మెషీన్లో ఉతికిన బట్టల బుట్ట ఎత్తుకుని మెట్లెక్కుతున్నాను, ఆ పిల్ల డ్యూటీకని గబగబా దిగుతోంది. ఇనప మెట్ల మీద ఎక్కడికి తప్పుకుంటాను? ఎదురుపడ్డాను. మర్నాడు ఆ పిల్లకి కడుపు పోయింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఆస్పత్రి నుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. నేను గది గుమ్మం దాకా వెళ్ళి, కంచం అక్కడ పెట్టి వచ్చేశాను. అప్పట్నుంచి ఇంకా గట్టిగా తప్పుకోవడం మొదలుపెట్టాను. పొద్దున్నపూట ఆ పిల్ల నా నీడ కూడా చూడకుండా జాగ్రత్తపడ్డాను.

రెండో ఏడు మళ్ళీ నెల తప్పింది. ఐదో నెల వచ్చి కడుపు కనిపిస్తున్న రోజుల్లో, నేను స్నానం చేసి చీర కట్టుకుంటుంటే మరదలు ఫోన్లో అంటున్న మాట వినపడింది. ఎడిసన్‌లో మా పిన్ని కూతురు ఉంది, దానితో.

“డెలివరీకి ముందే పంపిస్తామండీ. ఆవిడకి ఇక్కడ ఉండటం ఇష్టం లేదు. మీ దగ్గరైతే మనవాళ్ళుంటారు కదా.”

నేను బయటికొచ్చి బియ్యం కడిగాను. ఏమీ అడగలేదు. నా నీడ పడకుండా పంపిస్తున్నారు, నిజమే కదా అనుకున్నాను. కానీ మా తమ్ముడు తప్ప నాకెవరున్నారు? ఎడిసన్ ఎటువైపుందో కూడా నాకు తెలీదు. విమానంలో వెళ్ళాలంటే దూరమే అయ్యుంటుంది. ఆ పిన్ని కూతుర్ని చూసి ఇరవై ఏళ్ళు దాటింది. వాడిని మళ్ళీ ఎప్పుడు చూస్తానో, పుట్టబోయేది నన్ను ఏమని పిలవాలో దానికి ఎవరు చెబుతారో, ఇవే ఆలోచనలు. బియ్యం కడిగిన నీళ్ళు తేటపడినా ఇంకా కడుగుతూనే ఉన్నాను.

ఇక ఆ ప్రోగ్రాము సంగతి. ఆ రోజుల్లో తమ్ముడు ఇంటికి ఒక యంత్రం తెచ్చి పెట్టుకున్నాడు. దానికి టైపు మిషను లాంటి మీటలు, పక్కన రెండు రబ్బరు గిన్నెలు. ఫోను ఎత్తి ఆ రబ్బరు గిన్నెల్లో బోర్లిస్తే అది కీచుకీచుమని ఆఫీసు కంప్యూటరుతో మాట్లాడేది. అది మాట్లాడినంతసేపూ ఇంటికి ఫోన్లు రావు. శని ఆదివారాలు పొడుగాటి పచ్చచారల కాగితాలు తివాచీ మీద పరుచుకుని కూర్చునేవాడు.

“అక్కా, ఇలా రా, కూర్చో. నీకు చెప్తుంటే ఎక్కడ తప్పానో నాకే తెలుస్తుంది.”

“నాకేం తెలుసురా?”

“తెలీదు కాబట్టే. తెలిసినవాళ్ళయితే మధ్యలో అడ్డం పడతారు.”

కూర్చునేదాన్ని. అర్థం కావాలని కాదు. వారం మొత్తానికి నాతో ఎవరైనా ఎదురుగా కూర్చుని ఎక్కువసేపు మాట్లాడేది అప్పుడే. వాడు ఎంత పొడుగ్గా చెబితే నాకంత మంచిది.

వాళ్ళ కంపెనీలో చేసే చిప్పు వేలిగోరంత ఉంటుందట. దాన్ని వేడిలో ఒకసారి, చలిలో ఒకసారి, వేగానికి ఒకసారి పరీక్ష చేస్తారట. ఆ మూడూ చూసి అది ఏ ట్రేలో పడాలో ప్రోగ్రాము చెప్పాలి.

“పాతది చూడు” అని కాగితం చూపించాడు. “వేడికి తట్టుకుందా? తట్టుకుంటే, చలికి తట్టుకుందా? తట్టుకుంటే, వేగం ఉందా? లేకపోతే ఏం చెయ్యాలి? మధ్యలో ఒకడు ఇంకో ‘అయితే’ ఇరికించాడు. ఇంకొకడొచ్చి ‘కాకపోతే’ ఇరికించాడు. ఇప్పుడు మంచి చిప్పులు పోయి చెత్తలో పడుతున్నాయి. ఎందుకు పడుతున్నాయో ఆఫీసులో ఎవడూ చెప్పలేడు.”

నాకు ఇంగ్లీషు అక్షరాలు తెలీకపోయినా ఆ కాగితం ఆకారం కనపడింది. లైన్లు ఒక్కొక్కటీ కాస్త కాస్త కుడికి జరుగుతూ మెట్లలాగా దిగి, మళ్ళీ వెనక్కి వచ్చి, మళ్ళీ దిగుతున్నాయి.

వాడు సాయంత్రం క్లాసుకి వెళ్ళి కొత్త కంప్యూటర్ భాషేదో నేర్చుకుంటున్నాడు. అందులో ఈ మెట్లన్నీ ఎక్కి దిగక్కర్లేదట. దాన్ని ప్యాటర్న్ మ్యాచింగ్ అంటారని చెప్పి, వంటింట్లోకి వెళ్ళి స్టీలు గిన్నెలు, మూతలు తెచ్చి తివాచీ మీద పెట్టాడు.

“మూడు గిన్నెలు, మూడు పరీక్షలు. నిలబెడితే పాసు, బోర్లిస్తే ఫెయిలు. మూత పెట్టానంటే ఏదైనా సరే, లోపల ఏముందో నాకు పట్టింపు లేదు. ఒక్కొక్క ప్రశ్నా అడుక్కుంటూ పోకూడదక్కా. మూడింటినీ కలిపి ఒక్క చూపులో చూడాలి. ఎడమ పక్క ఆ రూపం, కుడి పక్క చెయ్యాల్సిన పని. వరుసకి ఒకటి.”

మూడూ నిలబెట్టాడు. ఇది మంచి ట్రే. దాని కింద వరుసలో మూడోది బోర్లించాడు. వేగం లేదు, రెండో ట్రే. ఆ కింద మొదటిది బోర్లించి మిగతా రెండింటికీ మూతలు పెట్టాడు.

“వేడికే తట్టుకోలేదు, ఇక మిగతావాటితో పనేముంది? చెత్తలోకి. అన్నిటికన్నా అడుగున మూడు మూతలు. పైన దేనికీ సరిపోనిది ఏదొచ్చినా ఇక్కడికొస్తుంది, మళ్ళీ పరీక్ష చెయ్యమంటాం.”

“ఆ మూతలవి ముందే పెట్టెయ్యరాదూ? సులువు కదా.”

“అమ్మో! మెషీను పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది. ఏ వరుసకి సరిపోతే అక్కడే ఆగిపోతుంది, కింది వాటి మొహం కూడా చూడదు. మూతల వరుస పైన పెడితే ప్రతిదీ దానికే సరిపోతుంది. కింద నువ్వెన్ని రాసినా దండగ.”

వంటింట్లోంచి మరదలు తొంగిచూసింది. “ఏమండీ, కడిగి పెట్టిన గిన్నెలన్నీ కార్పెట్ మీద పరిచారా? మళ్ళీ ఎవరు కడుగుతారు?”

“నేనే.”

“అబ్బో. ఆ మాట ప్రింటౌట్ తీసివ్వండి.”

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆ పిల్ల నన్ను చూసి తల లోపలికి లాక్కుంది.

తర్వాతి ఆదివారం మళ్ళీ గిన్నెలు పరిచాడు. చిప్పులతో విసుగొచ్చిందట.

“అక్కా, మనింట్లోది ఏదైనా చెప్పు. ఇలా అయితే ఇలా, అలా అయితే అలా అని షరతులు ఎక్కువుండాలి. ప్రాక్టీస్ చేస్తాను.”

నేను ఆలోచించకుండానే అన్నాను. “ఎవరైనా బయల్దేరుతుంటే నేను ఎక్కడుండాలన్నది ఉంది కదా. అది చెయ్యి.”

“ఆహా! మంచిది. ఎవరు, ఎక్కడికి, ఏ రోజు. మూడు గిన్నెలు. చెప్పు. నేను, ఆఫీసుకి, సోమవారం.”

“లోపలికెళ్తాను.”

“నేను, కూరలకి, శనివారం?”

“కూరలకైనా అంతేగా. లోపలికే.”

“ఆవిడ, డ్యూటీకి?”

“లోపలికే. తను కడుపుతో ఉందిగా, ఇంకా ముందే వెళ్తాను.”

“మనింటికి వచ్చిన చుట్టాలు వెళ్ళిపోతుంటే?”

“వంటింట్లోకి.”

“వంటిల్లూ లోపలే, సరే. పక్కింటి ముసలావిడ?”

“ఆవిడకి పట్టింపేముంది? అయినా ఆవిడ కారు తీస్తుంటే నేను కిటికీ దగ్గర్నుంచి జరుగుతాను.”

వాడు పెద్దగా నవ్వాడు. ఆఫీసులో చిక్కుముడి విడిపోయినప్పుడు అలాగే నవ్వుతాడట. “ఇంత చిన్నగా తేలిన ప్రోగ్రాము నేనింతవరకూ చూళ్ళేదక్కా. కుడి పక్కంతా ఒకటే! కుడి పక్క ఒకటే అయితే ఎడమ పక్క ఇన్ని వరుసలెందుకు? అన్నీ తీసేసి మూడింటికీ మూత పెట్టెయ్. ఎవరైనా సరే, ఎక్కడికైనా సరే, ఎప్పుడైనా సరే, అక్క లోపలికి…”

అక్కడ ఆగిపోయాడు. మూడో మూత పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

“అక్కా, నువ్వు రోజూ బాత్‌రూమ్‌లో ఉండేది అందుకా? నీకు పొద్దున్నపూట కడుపు బాగుండదనుకుంటున్నానే నేను.”

మరదలు ఎప్పుడొచ్చిందో, తడి చేతులతో గుమ్మంలో నిలబడి ఉంది.

“నా మొహం చూడ్డం ఇష్టం లేక కాదా వదినా?”

“నీ మొహానికేమైందమ్మాయ్?”

“బిడ్డ నిలవలేదు కదా. కడుపు పోయినదాని మొహం పొద్దున్నే చూడకూడదని మా మేనత్త అంటుండేది. మీరూ అదే అనుకుంటున్నారని నేను… ఎన్ని రోజులు పిలిచాను వదినా! ‘వెళ్ళొస్తాం’ అంటే ఒక్కరోజు పలకలేదు.”

“పలికితే ఎదురు పలికినట్టవుతుందని ఊరుకున్నాను. నీ మొహం కాదే తల్లీ, నా మొహం. ఆ రోజు మెట్ల మీద బట్టల బుట్టతో ఎదురొచ్చాను. మర్నాడేగా…”

“వదినా! నేను చేసేది లాబ్‌లో. అలాంటివి ఎందుకు పోతాయో నాకు తెలుసు. బట్టల బుట్ట వల్ల పోవు.” అని ఊపిరి పీల్చుకుంది. “అయినా తెలిసి ఏం లాభం? మీరు మొహం చాటేసినప్పుడల్లా ఇంకా ఏదో జరుగుతుందని వణికేదాన్ని.”

మా తమ్ముడే ముందు కదిలాడు. “సరే, ఇదంతా తీసి పారేద్దాం” అని మూతల వరుస మీద చెయ్యి వేశాడు.

“ఉండరా” అన్నాను. “నువ్వు తీసేస్తే నాలోంచి పోతుందా? ఇన్నేళ్ళ అలవాటు. నా వల్ల కాదు.”

మరదలు గోడ పట్టుకుని మెల్లిగా కింద కూర్చుంది. కడుపు అడ్డం. ఒక గిన్నె తీసి నిలబెట్టింది, దాని పక్కన రెండు పెట్టి వాటికి మూతలు పెట్టింది.

“మూతల వరుస ఉండనివ్వండి. దానికి పైన ఇదొకటి పెట్టండి. నేను బయల్దేరుతుంటే, ఎక్కడికైనా సరే, ఎప్పుడైనా సరే, వదిన ఎదురు రావాలి. మిగతా లోకం సంగతి ఆవిడ ఇష్టం.”

“పైనే ఎందుకు? కింద ఉంటే?” అన్నాను.

“కింద ఉంటే దానిదాకా రానే రాదని మీ తమ్ముడు పోయిన వారమే చెప్పలేదూ?”

అప్పుడడిగాను. అడగాలని అనుకోలేదు, నోట్లోంచి వచ్చేసింది. “మరి నన్ను ఎడిసన్ పంపిస్తున్నారు కదా?”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “మీకు నేను గిట్టడం లేదని” అంది మరదలు. “అక్కడైనా మాట్లాడే మనుషులుంటారు, సంతోషంగా ఉంటారని. వెళ్ళాలనుందా మీకు?”

“నాకెందుకు ఎడిసన్?”

ఆ పిల్ల లేచి ఫోను దగ్గరికి వెళ్ళింది. ఫోను రబ్బరు గిన్నెల్లో బోర్లా పడి కీచుమంటోంది. “ఏమండీ, ముందు ఈ ఫోనుని విడిపించండి. వదిన రావట్లేదని చెప్పాలి.”

“పదినిమిషాలాగవే, ప్రోగ్రాము వెళ్తోంది.”

“ప్రోగ్రాము వెళ్ళకపోయినా పర్వాలేదు. వదిన వెళ్ళకూడదు” అని ఫోను ఊడబెరికింది. వాడు నెత్తి కొట్టుకున్నాడు.

మర్నాడు సోమవారం. తాళాలు గలగలమన్నాయి. నా కాళ్ళు వాటంతటవి బాత్‌రూమ్ వైపు తిరిగాయి. తలుపు పిడి పట్టుకున్నాక గుర్తొచ్చి, వెనక్కొచ్చి హాల్లో గోడవారగా నిలబడ్డాను. కొంగు కప్పుకున్నాను, మళ్ళీ తీశాను. చేతులు ఏం చేసుకోవాలో తెలీలేదు.

“ఎదురు అంటే ఎదురుగా వదినా. గోడకి అతుక్కోవడం కాదు” అంది.

నాలుగడుగులు ఎదురు నడిచాను. “వెళ్ళొస్తాం” అంది. “మంచిది” అన్నాను. ఆ మాట బొంగురుగా, నాకే కొత్తగా వినిపించింది. వాళ్ళు దిగారు. కిందికి చేరారో లేదో మళ్ళీ మెట్లు మోగాయి. తలుపు తెరుచుకుంది. మరదలు ఒక్కతే, ఆయాసపడుతూ.

“చూశావా, నేను చెప్పలేదూ? వెనక్కొచ్చావు” అన్నాను.

“లంచ్ బాక్స్ మర్చిపోయాను. అది మీ తమ్ముడు తొందర పెట్టినందుకు, మీరు ఎదురొచ్చినందుకు కాదు.”

“ఏదైనా కానీ. వెనక్కొచ్చినవాళ్ళు అలాగే వెళ్ళిపోకూడదు. కూర్చో. మంచినీళ్ళు తాగి వెళ్ళు.”

కింద హారన్ మోగింది. “మోగించుకోనివ్వండి” అని సోఫాలో కూర్చుంది. నీళ్ళు తెచ్చిచ్చాను. నన్నూ కూర్చోమంది, కూర్చున్నాను. పనిరోజు పొద్దున్న ఆ గదిలో నా పక్కన ఒక మనిషి ఉండటం అదే మొదలు. నీళ్ళు మెల్లిగా తాగింది.

“రోజంతా ఏం చేస్తారు వదినా?”

“కూర చేస్తాను.”

“తర్వాత?”

“తర్వాత మీరొస్తారు.”

ఆ పిల్ల గ్లాసు కింద పెట్టింది. హారన్ మళ్ళీ మోగింది. ఈసారి వెళ్ళింది. నేను మెట్ల పై దాకా వెళ్ళాను. కారు వెనక్కి వచ్చింది, తిరిగింది, వీధిలోకి వెళ్ళింది, మలుపులో కనపడకుండా పోయింది. వెనక్కి తిరిగితే ఇల్లు. ఇన్నాళ్ళూ ఖాళీ ఇంట్లోకి వచ్చేదాన్ని కాబట్టి అది ఎప్పుడూ అలాగే ఉంటుందనిపించేది. అప్పుడే ఒక మనిషి లేచి వెళ్ళిన చోటు ఇంకా వెచ్చగా ఉండటం వేరు. ఆ రోజు మరీ ఒంటరిగా అనిపించింది, ఏం దాచుకోను?

పైగా భయం మొదలైంది. ఎదురొచ్చాను కదా, సాయంత్రం దాకా ఏమౌతుందో అని. కారు చప్పుడైతే చాలు, కిటికీ దగ్గరికి పరుగు. ఆ పిల్ల రోజూ క్షేమంగా వచ్చేది, కాళ్ళు లాగుతున్నాయని విసుక్కునేది, ఇవాళ కూరేంటని అడిగేది. ఆ విసుగు వింటే తప్ప నాకు అన్నం దిగేది కాదు. అలా నెలలు గడిచాయి. వాడి ప్రోగ్రాము కుదిరిందట, మంచి చిప్పులు చెత్తలో పడటం మానేశాయట. చెప్పాడు, సంతోషించాను. నా ధ్యాసంతా ఆ కడుపు మీదే.

నొప్పులు ఆదివారం పొద్దున్న మొదలయ్యాయి. తమ్ముడు సంచీ పట్టుకుని ముందు దిగేశాడు. మరదలు వాకిట్లో తలుపు చట్రం పట్టుకుని నిలబడింది. పళ్ళు బిగించింది.

“వదినా, రండి.”

“ఇవాళ వద్దమ్మాయ్. ఈ ఒక్కరోజూ వద్దు. నీకు దణ్ణం పెడతాను.”

“ఎక్కడికైనా సరే అన్నాను కదా” అంది. నొప్పి మళ్ళీ వచ్చి మాట ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకుని బయటికి నెట్టింది.

ఆ పిల్లని దాటుకుని మెట్లు దిగాను. కింద కారు దగ్గర నిలబడి వెనక్కి తిరిగాను. ఆ పిల్ల పైనుంచి కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగుతోంది, నేను కిందనుంచి ఎదురు ఎక్కుతున్నాను. ఒకప్పుడు బట్టల బుట్టతో ఎదురుపడిన మెట్లే. సగంలో కలుసుకున్నాం. నడుం పట్టుకుని దింపి కారెక్కించాను. వాడు నా వైపు చూడను కూడా లేదు, పోనిచ్చేశాడు.

పైకెక్కి తలుపు నెడితే రాలేదు. ఆ తలుపు దానంతటదే తాళం పడేది. తాళాలు లోపల. నేను ఇంటి చెప్పులతో, వంటింటి చీరతో బయట. ఆదివారం కాబట్టి తాళాలుండే అపార్ట్‌మెంటు ఆఫీసు కూడా మూసి ఉంది. పక్కింటి ముసలావిడ వచ్చి ఏదో అడిగింది, తలుపు చూపించాను. అర్థమైంది. తన ఇంట్లోంచి కుర్చీ ఒకటి, ఉన్ని కోటు ఒకటి తెచ్చింది. తన ఫోను చూపించింది, నాకు ఏ నంబరూ తెలీదు. తనూ ఒక కుర్చీ తెచ్చుకుని కాసేపు నా పక్కన కూర్చుంది. ఇద్దరం కార్ల వంక చూస్తూ కూర్చున్నాం. చలేసి ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం దాటాక లోపల ఫోను మోగింది.

తలుపు అవతలే. లేచి తలుపుకి చెవి ఆనించాను. మోగి మోగి ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ మోగింది. అది మంచి కబురో, చెడు కబురో. తలుపు మీద చేత్తో కొట్టాను, తీసేవాళ్ళెవరున్నారు? తిరిగి కుర్చీలో కూర్చున్నాను. మూడోసారి మోగినప్పుడు లేవలేదు. ఆ మెట్ల మీద మళ్ళీ ఎదురొచ్చాను కదా అన్నదొక్కటే నా మనసులో తిరుగుతోంది.

ఎండ తగ్గాక కారు వచ్చింది. తమ్ముడు ఒక్కడే దిగాడు. జుట్టు రేగి, చొక్కా నలిగి ఉంది. మెట్లెక్కుతూ పైకి చూశాడు.

“ఇక్కడున్నావేంటక్కా? ఎన్నిసార్లు ఫోన్ చేశాను! ఎందుకు ఎత్తలేదు?”

తలుపు చూపించాను. వాడి మొహంలోకి చూడాలంటే భయమేసి వాడి చేతుల వంక చూశాను. చేతిలో తాళాలున్నాయి.

“ఆడపిల్ల” అన్నాడు. “ఇద్దరూ బాగున్నారు. నువ్వు ఫోనెత్తట్లేదని ఆవిడ అక్కడ ఒకటే గోల. వెళ్ళి వదినని తీసుకురమ్మని నన్ను తరిమింది.”

వాడు తాళం తీసి, లోపలికెళ్ళి చీర మార్చుకో అన్నాడు. వద్దన్నాను. పక్కింటావిడ కోటు అలాగే ఒంటి మీద ఉంది, కాళ్ళకి ఇంటి చెప్పులే. కమ్మీ పట్టుకుని మెట్లు దిగి కారెక్కి కూర్చున్నాను.